పద్నాలుగో నంబరు అద్దం

మునిసిపాలిటీ వాళ్లు లా ఇగేరాలో ఇంటింటికీ
కాగితపు కళ్లద్దాలు పంచారట.
మా కొండ దాకా ఎవరూ రాలేదు.
మాకున్నది నాన్న వెల్డింగు ముసుగు ఒక్కటే.
ఇనుప గనిలో ఇరవై రెండేళ్లు అతుకులేసిన ముసుగు,
లోపలి తోలుపట్టీకి ఇంకా ఆయన చెమట వాసన.
అద్దం పద్నాలుగో నంబరు.
మనుషులం పదమూడుమందిమి.
మేకలు నూట ఆరు. వాటికి అద్దంతో పని లేదు,
పైకి చూసే అలవాటు లేదు వాటికి.

జూలై రెండు. మాకది నడి చలికాలం.
సునిల్దా అత్త బూడిదలో రొట్టెలు తిరగేస్తోంది.
యస్నా లా సెరెనా నుంచి బస్సెక్కి వచ్చింది
రెండున్నర నిమిషాల ఉపన్యాసం కంఠతా పట్టి.
ఎర్మోహెనెస్ తాత మాత్రం
కుర్చీని సముద్రం వైపు తిప్పనివ్వలేదు:
"తొంభై ఏళ్లు నా వీపు కాల్చినవాడికి
ఇవాళ మొహం చూపించాలా?"
మాకు ఎదురుగా, సూర్యుడికి పెడగా కూర్చున్నాడు.

నోల్బెర్తో మామయ్య ఆ చివర, అమాబ్లె మామయ్య ఈ చివర.
మధ్యలో ఒక ఊట, దానికో గొట్టం,
ఆరేళ్ల కోర్టు కాగితాలు.
ముసుగు ఆయన చేతిలోంచి ఈయన చేతికి నేరుగా వెళ్లదు,
నేను అందుకుని ఇవ్వాలి, తపాలా బంట్రోతులా.

మూడున్నరకి ముందే చిన్నది మిలారి అరిచింది:
"ఎవరో కొరికేశారు!"
జున్ను వార్చే చిల్లుల గిన్నెని అత్త ఎండకి పట్టింది.
నేల మీద చిల్లుకో వంపు,
ఎవరో గోళ్లు కత్తిరించి పారేసినట్టు.

వెలుతురు తగ్గిందనలేను. పలచబడింది.
నీళ్లు కలిపిన పాలలా... కాదు,
పాలు ఎంత పలచనైనా తెల్లగానే ఉంటాయి.
ఇది తగరపు రంగుకి తిరిగింది.
చెయ్యి చాపితే
వేళ్ల మీది వెంట్రుకలు నీడలో లెక్కపెట్టొచ్చు.
మేకలు, ఎవరూ పిలవకుండానే,
గంట కట్టిన ముసలిదాని వెనక దొడ్డి దారి పట్టాయి.

అప్పుడు సముద్రం మీంచి వచ్చింది.
మబ్బైతే దొర్లుతుంది. ఇది దొర్లలేదు.
అంత వేగంగా వచ్చేది ఏదైనా చప్పుడు చెయ్యాలి.
చెయ్యలేదు.

"తియ్యండి!" అంది యస్నా.
ఉపన్యాసమంతా ఆ ఒక్క మాటే అయింది.
ముసుగు దుమ్ములో పడింది,
ఎవరి వంతని ఎవరూ అడగలేదు.

ఆకాశంలో ఒక బావి.
దాని చుట్టూ నీళ్లలో తేలే జుట్టులా ఏదో తెల్లగా.
ఏ దిక్కు చూసినా అంచున సాయంకాలమే.
శుక్రుడు. ఇంకా ఏవో. నాకు పేర్లు తెలీవు.
సునిల్దా అత్త రొట్టెని చేత్తోనే పట్టుకుని నిలబడింది,
వేళ్లు కాలిన సంగతి రాత్రి గానీ తెలీలేదు.
తెలీకుండానే నేను రెండడుగులు ముందుకేశాను.
మామయ్యల మధ్య నా చోటు ఖాళీ.
వెనక ఏదో కదిలింది. బట్టల చప్పుడు.
ఎవరో ముక్కు చీదారు.

అంతలో అంచున ఒక రవ్వ అంటుకుంది.
అతుకు మొదలెట్టేటప్పుడు లేచే తొలి రవ్వ, అచ్చం అదే.
నా మెడ తనంతట తనే పక్కకి తిరిగింది.
"చూడకు!" అని గని షెడ్డులోంచి నాన్న అరిచేవాడు,
నేను గుమ్మంలో నిలబడితే.
నాలుగేళ్లయింది ఆయన పోయి.
మెడకి ఆ కబురు అందలేదు.

తిరిగి చూసేసరికి
మామయ్యలిద్దరూ చేతులు జేబుల్లో పెట్టుకుని
ఎవరి చివర వాళ్లున్నారు.
తాత కళ్లు మాత్రం తడిసి ఉన్నాయి.
"ఏం చూశావు తాతా, అటు తిరక్కుండా?"
"నా వంతు నేను చూశాను" అన్నాడు,
రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటూ.
ఆ పైన ఎన్నిసార్లు అడిగినా పెదవి విప్పలేదు.

గొట్టం గొడవ ఇంకా కోర్టులోనే ఉంది.
మర్నాడు ఆ ముసుగుని మేకుకి తగిలించింది ఎవరో
ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.
దుమ్ము తుడిచి మరీ తగిలించారు.